ఆస్పత్రి తెరకు పసుపు బొట్టు

ఆ రోజుల్లో కొలతకు రాని దేన్నీ నేను నమ్మేదాన్ని కాదు. ఎమ్మిగనూరులో బస్సు ఎన్నింటికి కదిలింది, ఆదోనిలో ఎన్నింటికి ఆగింది, నాయన మగ్గం మీద ఆ పూట ఎన్ని మూరల గుడ్డ దిగింది, అమ్మ పప్పులో ఎన్ని మిరపకాయలు తుంచింది, అన్నీ నా రూళ్ల పుస్తకంలో ఎక్కవలసిందే. (మిరపకాయల సంగతి ఎందుకని అడుగుతారేమో. కూర మంట పుట్టిన రోజు అమ్మ 'ఎప్పుడూ ఏసేటివే ఏసినా' అనేది. ఆ మాట అననివ్వకుండా చేయడానికి.) ఇప్పుడు నాకు అరవై ఏడేళ్లు. అలాంటి పుస్తకాలు ముప్పై ఎనిమిది పోగయ్యాయి. మొన్న చెదలు పట్టాయేమోనని వాటిని ఎండలో పరుస్తుంటే తొమ్మిదో పుస్తకం దానంతటదే తెరుచుకుంది. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకు ఒకవైపు 'ఆమె' అని, ఇంకోవైపు 'నేను' అని నా చేతిరాత. 'ఆమె' కింద పదకొండు టిక్కులు, 'నేను' కింద రెండు. చూసి ముందు సిగ్గుపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను, ఆ తర్వాత (ఎవరికీ చెప్పకండి) ఆ పదకొండును చూసి మళ్లీ కొంచెం మండింది. నలభై అయిదేళ్ల కిందటి కుళ్లు ఇంత బాగా నిలవ ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు నాకు ఇరవై రెండు. పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. ఉద్యోగం ఆదోనిలో, ఇరవై నాలుగు మంచాల చిన్న ఆస్పత్రిలో. దాన్ని నడిపే డాక్టరమ్మను మేమంతా 'పెద్దమ్మగారు' అనేవాళ్లం. పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేది. నా పని గుడ్డల గది. దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు, ఆపరేషన్ గుడ్డలు, అన్నీ లెక్కపెట్టి ఉతుక్కి వేయడం, లెక్కపెట్టి తీసుకోవడం, మడిచి పెట్టడం. ఆ గది తాళంచెవి నా నడుముకు వేలాడేది. నడిచినప్పుడు అది చిన్నగా మోగేది. ఆ మోతకు ఆయమ్మలు గబగబా దుప్పట్లు సర్దేవాళ్లు. నేను కోరుకున్న గౌరవమంతా ఆ మోతలోనే ఉండేది. చదువు పదో తరగతితో ఆగిపోయిన మగ్గాల ఇంటి పిల్లకు ఆదోని ఆస్పత్రిలో ఒక గది మీద పెత్తనం అంటే తక్కువ సంగతా? అది పోతే నేను మళ్లీ ఇంట్లో మగ్గం కండెలకు నూలు చుట్టుకోవాలి. ఆ సంగతి నాకు ప్రతిరోజూ బస్సెక్కేటప్పుడు గుర్తొచ్చేది.

ఆడవాళ్ల వార్డులో మంచానికీ మంచానికీ మధ్య చాటు అనేది ఉండేది కాదు. చెక్క చట్రానికి గుడ్డ బిగించిన మడత తెరలు రెండుండేవి. వాటిలో ఒకదానికి ఒక చక్రం లేదు. డాక్టరమ్మ ఎవరినైనా చూడాలంటే కుంటి తెరను ఈడ్చుకొచ్చేలోపు పక్క మంచం వాళ్లు, వాళ్ల చుట్టాలు, చుట్టాలతో వచ్చిన వాళ్లు తీరిగ్గా అటు తిరిగి కూర్చునేవాళ్లు. ఒకసారి ఒక బాలింతకు వాళ్ల అత్త చీర అడ్డం పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టు ఉండక, అవతల మంచం ఆమె 'మీదేవూరు వదినా' అని అడిగితే జవాబు చెప్పడానికి అటు తిరిగింది. అత్తతో పాటు చీరా తిరిగింది. ఆ పిల్ల ముసుగు తన్ని సాయంత్రం దాకా బయటికి రాలేదు. పెద్దమ్మగారు ఆ రోజే నిర్ణయించింది. గోడ నుంచి ఇనుప కడ్డీలు వేయించి, ప్రతి మంచం చుట్టూ తెరలు కట్టాలని.

తెరలంటే గుడ్డ. గుడ్డంటే నేను. ఆ లెక్కన నన్ను పిలవాలి కదా? పిలిచింది. కానీ నాతో పాటు ఇంకొకరినీ పిలిచింది. ఆమె గురించి చెప్పాలి.

మద్దికెర నుంచి కొత్తగా వచ్చిన నర్సు. నాకంటే ఏడాది చిన్న. అందరూ 'నవ్వుల సిస్టర్' అనేవాళ్లు. సూది గుచ్చేటప్పుడు కూడా నవ్వించేది. ఆమె వచ్చే ముందు జ్వరం పేషెంట్లు ములిగేవాళ్లు. వచ్చాక ములుగుతూ నవ్వేవాళ్లు. ఆమె దేన్నీ లెక్కపెట్టేది కాదు. 'ఇన్ని దుప్పట్లు కావాల' అనేది కాదు, 'ఒక నాలుగైదు ఇయ్యక్కా' అనేది. (నాలుగా? అయిదా? రెండింటికీ మధ్య ఒక దుప్పటి తేడా ఉంది.) వార్డులోకి నేను పోతే 'ఆ నవ్వులమ్మ యాడుంది?' అని నన్నే అడిగేవాళ్లు. ఆలూరు నుంచి వచ్చిన ఒక పేషెంటు ఇంటికి పోతూ ఆమెకు సేరు శనక్కాయలు ఇచ్చింది. నాకు 'మీ దుప్పటి కాళ్లకు చాల్లేదమ్మా' అన్న మాట ఇచ్చింది. ఆ రాతపుస్తకంలోని టిక్కులు పెద్దమ్మగారి మెచ్చుకోళ్లవి. ఆమె వచ్చిన మొదటి రెండు వారాల్లో ఆమెకు పదకొండు, నాకు రెండు. ఆ రెండింటిలో ఒకటి, నిజాయితీగా చెప్పాలంటే, ఆమె అక్కడుందనుకొని నా వైపు తిరిగి అన్నది.

పెద్దమ్మగారు ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టింది. "తెర అంటే అందానికి గాదు. ఉడకబెడితే తట్టుకోవల్ల. తొందరగా ఆరవల్ల. మనిషి కనపడకూడదు, గాలి ఆడవల్ల. నేలకు జానెడు పైన ఉండవల్ల, కింద తుడిచే దానికి. నాలుగు మంచాలకు నువ్వు కట్టు, నాలుగు మంచాలకు ఆమె కట్టని. ఆరు వారాలు చూస్తా. ఎవరి గుడ్డ నిలిస్తే ఆ గుడ్డ వార్డంతా. గుడ్డ ఎంచేవాళ్లే గుడ్డల గదీ చూసుకోవల్ల, ఇద్దరెందుకు?"

చివరి మాట ఆమె మామూలుగానే అంది. నా చెయ్యి మాత్రం నడుము దగ్గరికి పోయింది. నవ్వుల సిస్టర్ "అమ్మా, నాకు గది వద్దు, గుడ్డ మట్టుకు చూస్తా" అంది. అది వినయమో, నటనో నాకు ఆ వయసులో తేడా తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. నటనే అని రాసుకున్నాను.

ఆ సాయంత్రం నాయన మగ్గం దగ్గర కూర్చుని విషయం చెప్పాను. ముతక నూలు, చిక్కటి నేత, తెల్లగా, ఏమీ లేకుండా ఉండాలన్నాను.

"అంచు ఏ రంగు?" అన్నాడు నాయన.

"అంచు వద్దు నాయనా. అది చీర గాదు, తెర."

"అంచు లేకుండా గుడ్డేందమ్మా, బోడిగా? ఆస్పత్రిలో పండుకున్నోళ్లకు మాత్రం కండ్లుండవా?"

"అంచు రంగు ఉడకబెడితే దిగుతాది."

"నా రంగు దిగేది నువ్వు ఎప్పుడు సూసినావు?"

గంటన్నర వాదించాక వేలెడు వెడల్పు తెల్ల అంచుకు ఒప్పుకున్నాడు. తెలుపు మీద తెలుపు. దగ్గరికి పోయి చూస్తే తప్ప కనబడదు. ఆయనకు మాత్రం కనబడుతుంది కాబట్టి ఆయన ప్రాణం కుదుటపడింది. గుడ్డ దిగాక నేను కుట్టించలేదు. ముందు ఒక గజం ముక్క రెండుసార్లు ఉడకబెట్టి, ఆరబెట్టి, కొలిచాను. గజానికి రెండంగుళాలు కుంచించుకుపోయింది. మొత్తం గుడ్డను అలాగే ఉడకబెట్టి, అంతా కుంచించుకున్నాక కత్తిరించాను. మంచానికి రెండు తెరలు, నాలుగు మంచాలకు ఎనిమిది. తెరకు పద్నాలుగు రింగులు, మొత్తం నూట పన్నెండు. కడ్డీకి తగిలిస్తే ఎనిమిది తెరలూ నేలకు సరిగ్గా తొమ్మిదంగుళాల పైన నిలబడ్డాయి. మోకాళ్ల మీద కూర్చుని ఎనిమిదింటినీ కొలిచి లేచేటప్పుడు నా ముఖం వెలుగుతోందని ఆయమ్మ చెప్పింది. ఈ ఆయమ్మ మా వార్డులో అందరికంటే పెద్దది, వెలుగుతున్న ముఖాలను ఆర్పడం ఆమెకు సరదా. "అదో, ఆ నవ్వులమ్మవి కూడా కట్టినారు, సూడుపో" అంది.

నవ్వుల సిస్టర్ ఎలా ఎంచిందో నాకు తర్వాత తెలిసింది. డ్యూటీ అయ్యాక బజారుకు పోయి, కొట్లో నాలుగు రకాల గుడ్డలు చెంపకు ఆనించుకుని చూసి, ఒకదాని గుండా నోటితో ఊది, లేత నీలం టెరిలిన్ తీసుకుందట. మొత్తం పావుగంట. దర్జీకి కొలతలు ఇవ్వలేదు. 'మంచమ్మీద కూసున్నోళ్ల నెత్తి కనపడకూడదన్నా, కింద తుడిచేవాళ్ల చెయ్యి పోవాల' అని మాత్రం చెప్పిందట. నేను టేపు తీసుకుని పోయాను. నేలకు ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. ఎనిమిది తెరలూ అంతే. చెంపతో, నోటితో గుడ్డ ఎంచిన మనిషి జానెడుకు పావంగుళం దగ్గరికి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ పావంగుళాన్ని పట్టుకుని రెండు రోజులు బతికాను.

ఆరు వారాలు నేను ఆ వార్డులో కాపలా కుక్కలా తిరిగాను. వారానికి ఒక ఉతుకు, శనివారం శనివారం. పుస్తకంలో గడులు గీశాను: ఉతుకులు, చిరుగులు, మరకలు, ఊడిన రింగులు, పేషెంట్ల మాటలు. టెరిలిన్ చూడ్డానికి చల్లగా ఉన్నా లోపల గాలి ఆడేది కాదు. ఆ మంచాల ఆడవాళ్లు ఉక్కకు తెర తీసేసేవాళ్లు. తెర ఉండీ తీసేస్తే చాటు ఎక్కడిది? నేను లెక్కపెట్టాను, ఒక్క మంగళవారమే పగటిపూట ఇరవై మూడుసార్లు తీశారు. ప్రతిసారీ నాకు ఒక చిన్న లడ్డూ తిన్నంత తృప్తి. నా నూలు తెరల్లో గాలి ఆడేది, చెమట వాసన వచ్చేది కాదు, ఆస్పత్రి ధోబీ తాత ఎంత ఉడకబెట్టినా నేత చెదరలేదు. అయితే న్యాయంగా ఇంకో గడి కూడా ఉండాలి. ఆరడానికి పట్టిన గంటలు. ఆమె తెరలు ఉతికిన రెండు గంటలకు కడ్డీ ఎక్కేవి. నావి పొద్దున వేస్తే సాయంత్రానికి, మబ్బు పడితే మర్నాటికి. అంతసేపూ నా నాలుగు మంచాలూ బోడిగా ఉండేవి. ఆ గడి గీశాను, పేరు రాశాను, నింపలేదు. నా ముప్పై ఎనిమిది పుస్తకాల్లో నేను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

అయిదు ఉతుకులు గడిచాయి. ఆరో వారం శుక్రవారం సాయంత్రం నేను తెరలు సరిచూసుకుంటున్నాను. సోమవారం పొద్దున పెద్దమ్మగారు తేల్చేస్తానంది. గెలుపు నాదేనని నాకు తెలుసు. గాలి ఆడని తెరను ఆమె ఎంచదు. అప్పుడు నవ్వుల సిస్టర్ వెనక నుంచి వచ్చి నా తెర అంచు పట్టుకుంది. రెండు వేళ్ల మధ్య నలిపింది. చెంపకు ఆనించుకుంది.

"ఎంత బాగుందక్కా నీ గుడ్డ! అయిదు ఉతుకులైనా కొత్తదాని మాదిరుంది. మీ నాయన చేతికి దండం పెట్టాల. ఇట్లాంటిది మా ఇంట్లో ఒకటన్నా లేదే!" అంటూ కళ్లు పెద్దవి చేసుకుని పైనుంచి కింద దాకా చూసింది.

ఆరు వారాలు ఆమె నవ్వును చూసి, శనక్కాయలను చూసి, పదకొండు టిక్కులను చూసి నేను కుళ్లుతుంటే ఆమెకు ఏమీ కాలేదు కానీ, ఆమె ఒక్కసారి మెచ్చుకునేసరికి నా తెరలకు దిష్టి తగిలిందని ఖాయం చేసుకున్నాను. కళ్లు అంత పెద్దవి చేసి చూస్తే తగలక ఏమవుతుంది? మా ఇంట్లో కొత్త గుడ్డకు మూలన పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు. ఆస్పత్రి సొమ్ము కదా అని నేను ఈ తెరలకు పెట్టలేదు. అదే నేను చేసిన తప్పనుకున్నాను. (తప్పు అది కాదని సోమవారం తెలిసింది.) వంటగదిలో పసుపు అడిగి తెచ్చి, గిన్నెలో చిక్కగా కలిపి, అందరూ కాఫీలకు పోయినప్పుడు తెరకు నాలుగు మూలల చొప్పున ఎనిమిది తెరలకు ముప్పై రెండు బొట్లు పెట్టాను. కనబడకుండా, మడత లోపల, బొటనవేలితో గట్టిగా అద్ది. మామూలుగా ఒక్క మూలన చాలు. నాకు ఆమె కళ్ల సైజు గుర్తుండి మిగతా మూడు కూడా పెట్టాను. మర్నాడు తెరలు ఆరో ఉతుక్కి పోయాయి, నేను ఇంటికి బయల్దేరేలోపు తిరిగి రాలేదు. ఆదివారం నాకు సెలవు.

సోమవారం నా బస్సు దారిలో చెడిపోయింది. నలభై రెండు నిమిషాలు ఆలస్యం. నా ఉద్యోగంలో అదే మొదటిసారి. నేను వార్డులో అడుగు పెట్టేసరికి నా నాలుగు మంచాలూ ఖాళీ. టెరిలిన్ మంచాలు నాలుగింటి మీద ఎనిమిది మంది, ఒక్కోదాని మీద ఇద్దరిద్దరు, దిండ్లు ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. నా తెరలు కడ్డీకి వేలాడుతున్నాయి. తెల్లటి గుడ్డ మీద, మూల మూలనా, ఎర్రగా. చుక్కలు కాదు. అరచేయంత మరకలు, కిందికి కారినట్టు చారలు.

హాలహర్వి నుంచి కోడలిని కాన్పుకు తెచ్చిన ఒక అత్త నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "సూడండి తల్లీ ఆ నెత్తురు! ఆ మంచాల మీద ఎవరో పోయినారు, ఈళ్లు సెప్పకుండా గుడ్డలు కడిగి మల్లా కట్టినారు. మా కోడల్ని ఆడ పండుకోబెట్టేది ల్యా. నేల మీదన్నా పండుకుంటాది గానీ!"

"ఒగరు గాదవ్వా, నాలుగు మంచాలకూ ఉండాది. నలుగురూ పోయింటారు" అంది పక్కామె, సాయం చేస్తున్నట్టు.

ధోబీ తాత మూట పక్కన నిలబడి తన వంతు తను చెబుతున్నాడు. "ఆస్పత్రి గుడ్డకు నెత్తురు కొత్తా ఏంది? నేను మరక సూసి ఇంగో రెండు పిడికిళ్లు సోడా ఏసి మల్లా ఉడకబెట్టినా. ఏసేకొద్దీ ఎర్రగయితాంది! ఇట్లాంటి నెత్తురు నా జన్మలో సూడల్యా. ఎవరిదో గానీ శానా గట్టి మనిషి." ఆ వారం ఊళ్లో నీళ్లకు కటకట. రెండుసార్లు జాడించాల్సింది ఒక్కసారి, అదీ అరకొరగా జాడించి తెచ్చాడు. సోడా అంతా గుడ్డలోనే ఉండిపోయింది.

పసుపుకు సోడా తగిలితే ఏమవుతుందో నాకు తెలియదా? పారాణి కలిపిన చేతులే కదా ఇవి, పసుపులో సున్నం వేసి. చూసిన క్షణంలోనే తెలిసింది. కానీ పసుపని చెబితే ఎవరు పెట్టారంటారు, నేనే అంటే ఎందుకంటారు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మగారు వచ్చింది. ఖాళీ మంచాలు చూసింది, కిక్కిరిసిన మంచాలు చూసింది, తెరలు చూసింది, చివరికి నన్ను చూసింది.

"ఏమిది?"

ఇప్పుడు రాయబోయేది రాయకుండా దాటెయ్యాలని ఉంది. కానీ లెక్క అంటే అంతా రాయాలి. నేను పుస్తకాన్ని గుండెకు అదుముకుని, "శుక్రవారం సాయంత్రం నేను పోయేదాకా శుభ్రంగా ఉన్నాయమ్మా. నేను లేనప్పుడు ఎవరో ఏదో పోసింటారు" అన్నాను. అని, నవ్వుల సిస్టర్ వైపు చూశాను. చూసి, చూపు అక్కడే ఉంచాను.

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆరు వారాలు అదే కోరుకున్నాను. చూశాక వద్దనిపించింది. ఆమె తెర దగ్గరికి పోయి మరకను వాసన చూసింది. గోటితో గీకింది. తర్వాత మూడో నంబరు మంచం పక్కన పేషెంటు వాంతులకు తెచ్చుకున్న నిమ్మకాయ తీసుకుని, పండ్లతో కొరికి, మరక మీద పిండింది. అందరం చూస్తుండగానే ఎరుపు పక్కకు జరిగిపోయి చక్కటి పసుపు బయటపడింది.

"నెత్తురు గాదు, పసుపు! సోడాకు ఎర్రగయింది, అంతే. చూడవ్వా, ముట్టుకోని చూడు."

హాలహర్వి అత్త ముట్టుకుంది, వాసన చూసింది, కళ్లకద్దుకుంది. "అయ్యో, పసుపా! మంచాలకు పసుపు పెట్టిండారా! ఇట్లా ఆస్పత్రి యాడుంటాది తల్లీ! పాపా, లెయ్యే, నీది ఆ మంచమే" అని కోడలిని చెయ్యి పట్టుకుని లేపింది. ఆమె వెనకే మిగతా ముగ్గురు. అంతటితో ఆగితే బాగుండేది. టెరిలిన్ మంచాల సొంతదారులు నలుగురూ, 'మాకేం పాపం, మేమూ పసుపు మంచమ్మీదే పండుకుంటాం' అని దిండ్లతో లేచారు. రెండు నిమిషాల్లో నా నాలుగు మంచాల మీద ఎనిమిది మంది. ఆయమ్మ నడుం పట్టుకుని "ఈ పొద్దు నేను దుప్పట్లు మార్సను" అని ప్రకటించి వరండాలోకి వెళ్లిపోయింది.

పెద్దమ్మగారు మాత్రం కదల్లేదు. "పసుపు ఎవరు పెట్టినారు?"

నవ్వుల సిస్టర్ నా వైపు చూడకుండానే, "కొత్త గుడ్డకు పసుపు పెడతారు గదమ్మా. అక్కోళ్లింట్లో అలవాటు. అంతే" అంది.

నేను ఆమె మీద నింద వేసి అయిదు నిమిషాలు కాలేదు. ఆమె నన్ను కాపాడుతోంది. ఊపిరి పీల్చుకుని తల ఊపాను. పెద్దమ్మగారు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని పేజీ తిప్పింది. "అయిదు ఉతుకులైనాయని, శుక్రవారం దాకా మరక లేదని నువ్వే రాసినావు. అయిదు ఉతుకుల గుడ్డ కొత్తదెట్లయితాది?"

నా జీవితంలో నా చేతిరాత అంత స్పష్టంగా ఉన్నందుకు బాధపడిన రోజు అదొక్కటే.

"దిష్టికి పెట్టినానమ్మా" అన్నాను, ఎంత చిన్నగా వీలైతే అంత చిన్నగా.

"ఎవరి దిష్టి?"

నేను నేలను చూశాను. నేల, తెర అంచు, మధ్యలో తొమ్మిదంగుళాలు. శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చినట్టు నవ్వుల సిస్టర్ ముఖంలో కనబడింది. "నాదా అక్కా?" అంది. "నేను బాగుందంటేనా? అందుకనా ఇన్ని బొట్లు?" అని, మంచం అంచున కూలబడి, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. ఎనిమిది మందీ నవ్వారు. హాలహర్వి అత్త ఎందుకో తెలియకుండానే అందరికంటే గట్టిగా నవ్వింది. పెద్దమ్మగారు కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదలడం నేను చూశాను.

ఇటు తిరిగేసరికి ఆమె ముఖం మామూలుగానే ఉంది. ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇది ఏంటికి నింపలేదు?" అని అడిగింది. నేను చెప్పాను. ఎన్నెన్ని గంటలో కూడా చెప్పాను, రాయకపోయినా నాకు కంఠతా వచ్చు. ఆమె కాసేపు రెండు తెరలనూ మార్చి మార్చి పట్టుకుని చూసి తేల్చేసింది. గుడ్డ టెరిలినే. కానీ పైన మూరన్నర మేర దోమతెర గుడ్డ కుట్టాలి, గాలి అక్కణ్ణుంచి ఆడుతుంది, ఆ మూరన్నర కొలత నేను చూడాలి. నాయన నూలు గుడ్డ పారెయ్యొద్దు, దుప్పట్లకు అంతకంటే మంచిది లేదు, అదే తెప్పించాలి. (నాయన ఈ కబురు విని అడిగిన మొదటి మాట, "దుప్పటికి అంచు ఉండొచ్చు గదా?")

"మరి గది?" అన్నాను.

పెద్దమ్మగారు నా నడుము దగ్గరికి చెయ్యి చాచింది. తాళంచెవి తీసి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కండెలు, రాట్నం, మగ్గాల వీధి, అన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఆమె దాన్ని ఒకసారి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "ఇది నీదే. రేపు ఇంకో తాళం తెప్పిస్తా, దాని చెవి ఆమెకు. ఆ తలుపుకు రెండు తాళాలు. ఇద్దరూ వస్తేనే గది తెరుచుకోవల్ల. నువ్వు లెక్కపెట్టు, ఆమె గుడ్డ చూడని. పొద్దున్నే ఒకరి మొగం ఒకరు చూసుకుంటే దిష్టి అదే పోతాది."

అలా మొదలైంది. నేను ఏడున్నరకు తలుపు దగ్గర ఉండేదాన్ని. ఆమె ఏ రోజూ ఏడున్నరకు రాలేదు. సగటున తొమ్మిది నిమిషాల ఆలస్యం. నా తాళం తీసి, ఆమె తాళాన్ని చూస్తూ నిలబడేదాన్ని. మూడో రోజు, ఆమె వచ్చి చెవి కోసం వెతుక్కుంటుంటే, నేను గోడకు చెప్పినట్టు చెప్పాను. "ఆ పొద్దు ఎవరో పోసినారని నేను అన్నది నిన్నే."

"తెలుసులేక్కా. నా తట్టు చూసే అన్నావు గదా."

"నీ మీద కుళ్లుకున్నాను."

"నేను మాత్రం కుళ్లుకోలేదా? నీకు దుప్పట్లు ఎన్నుండాయో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. నాకు నా జడపిన్నులు ఎన్నుండాయో తెలీదు. నిన్ను చూసి ఎంత ఏడ్చినానో!"

"ఎంత?" అన్నాను.

"శానా."

"శానా అంటే?"

"శానా అంటే శానానే అక్కా!" అంటూ తాళం తీసి లోపలికి పోయింది. అది కూడా కొలిచి చెప్పలేదు. నా కుళ్లే ఎక్కువని నాకు నమ్మకం. కానీ రుజువు లేదు.

మూడేళ్ల రెండు నెలలు ఆ తలుపు ముందు అలా నిలబడ్డాం. తర్వాత ఆమెకు వేరే ఊళ్లో సర్కారు ఉద్యోగం వచ్చింది. పోయే రోజు తన చెవి నా చేతిలో పెట్టి, "ఇంక నీ గది నీకే" అంది. నేను కోరుకున్నది అదే కదా. మర్నాడు ఏడున్నరకు రెండు తాళాలూ నేనే తీశాను. దుప్పట్లన్నీ లెక్కకు సరిపోయాయి. ఆ తర్వాత చాలా రోజులు మొదటి తాళం తీసి, రెండోది తీయకుండా కాసేపు ఊరికే నిలబడేదాన్ని. ఎంతసేపో రాసుకోలేదు.

కిందటి నెల నా ఎడమ కంటికి శుక్లం తీశారు. ఆదోనిలోనే, కొత్త ఆస్పత్రిలో. మంచం చుట్టూ ఆకుపచ్చ తెర, పైన జాలీ, కింద నేలకు జానెడు. ఒక కన్నుతోనే చూసినా కొలత సరిగ్గా ఉందని తెలిసింది. నర్సు పిల్లను పిలిచి "ఈ గుడ్డకు ఇప్పటికి ఎన్ని ఉతుకులయినాయమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను, నా కంటి కట్టును జాలిగా చూసి, "అవ్వా, పండుకో" అంది. తెరకు అవతల మంచం మీద ఇంకో ముసలామె ఉంది. ఆమె ఏదో అంది, నర్సు పిల్ల పకపకా నవ్వింది. మళ్లీ ఏదో అంది, మళ్లీ నవ్వింది. గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. నా దగ్గర రెండు నిమిషాలు నిలబడిన పిల్ల అక్కడ పదకొండు నిమిషాలైనా కదల్లేదు. ఈ వయసులో, కంటికి కట్టుతో, తెరకు అవతల మనిషిని చూడకుండానే నాకు మండడం మొదలైంది. ఇంకో నిమిషం ఓర్చుకున్నాను. తర్వాత చెయ్యి చాచి తెర కొంచెం పక్కకు లాగి, "ఏం నవ్వుతాండారమ్మా, నాకూ చెప్పండి" అన్నాను.